పోయిన రోజు

“అత్త పోయింది వదినా. నీళ్లు పోయించాల. కుంకుమ పెట్టాల్నా, వద్దా? ఇక్కడ ఒకరు ఒక మాట, ఇంకొకరు ఇంకొక మాట చెప్తా ఉండారు” అని మా తమ్ముడి భార్య సుజాత పొద్దున్నే ఫోను చేసింది. మేనత్త పోయిందన్న కబురుకు ఏడవాలో, ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలో తెలియలేదు. ఉద్యోగకాలమంతా కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. మా పాలెంలో ఏ మాటకు అర్థం కావాల్సినా నాకే ఫోను చేస్తారు. పెళ్లి కార్డుల్లో తప్పులు నేనే దిద్దుతాను, పిల్లలకు పేర్లూ నేనే చూస్తాను. కానీ ఇది మాటకు సంబంధించిన ప్రశ్నో, మనిషికి సంబంధించిన ప్రశ్నో నాకు నిజంగా అర్థం కాలేదు. “నేను వచ్చేదాకా ఆగండి” అని మాత్రం అన్నాను.

ముత్తైదువగా పోయిన ఆడమనిషిని మా వైపు నుదుట నిండుగా కుంకుమ దిద్ది, పూలు పెట్టి, చేతుల నిండా గాజులు వేసి సాగనంపుతారు. మొగుడు ముందే పోయినదానికి అవేవీ ఉండవు. మా కామాక్షత్త మొగుడు పోలయ్య మామ, నేను చిన్నబడిలో చదువుకునే రోజుల్లో వేటకు పోయి తిరిగి రాలేదు. మా పాలెంలో వేట అంటే చేపల వేటే. ఆయన చనిపోవడం చూసినవాళ్లు లేరు, బతికున్నాడని విన్నవాళ్లూ లేరు. అత్త చివరిదాకా ఇంత బొట్టు పెట్టుకునే తిరిగింది. బతికినన్నాళ్లూ దాని గురించి ఆమెను ఎవరూ నిలదీయలేదు. పోయాక మాత్రం, స్నానానికి నీళ్లు కాగేలోపల తేల్చమంటున్నారు.

నెల్లూరు నుంచి కారులో కొడవలూరు మీదుగా పోతుంటే దారి పొడవునా వరి మళ్లు. ఒళ్లో ఫోను మాటిమాటికీ మోగుతోంది. మా రిటైరైన లెక్చరర్ల గ్రూపులో ఒకాయన ప్రతి ఉదయం ‘చరిత్రలో ఈ రోజు’ అంటూ పంపుతాడు. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎక్కడ యుద్ధం మొదలైంది, ఎక్కడ ఆగింది, అన్నీ ఒకే తేదీ కింద, ఒకదానికొకటి ఏ సంబంధమూ లేకుండా. రోజూ చదవకుండానే నమస్కారం బొమ్మ పెట్టేస్తాను. ఆ రోజు చదవబోయి చదవలేకపోయాను. అదే శీర్షికతో మా పాలెం బడి నల్లబల్ల మీద అయ్యోరు రాసిన గుండ్రటి అక్షరాలు గుర్తొచ్చాయి.

విడవలూరు దాటి ఇంకా తూర్పుకు పోతే సముద్రం ఒడ్డున మా పాలెం. అప్పటి మా ఇల్లు నీళ్లకు ఎంత దగ్గరంటే, గాలి తిరిగిన రోజున అన్నంలో ఇసుక తగిలేది. తాటాకు కప్పు, మట్టి గోడలు, ముందర వలలు ఆరేసుకునే జాగా. ఆ ఇంట్లో ప్రతి వేళకూ ఒక వాసన ఉండేది. పొద్దున పేడనీళ్ల కళ్లాపి, ఎండెక్కాక ఇసుక మీద ఎండే నెత్తళ్ల చేపలు, పొద్దుగూకేసరికి మా జేజి పొయ్యి మీద మరిగే చేపల పులుసు. జేజి అంటే మా నాన్న తల్లి. పులుసు ఇవాళ వండి రేపు తినాలనేది ఆమె పట్టుదల. దించిన పూటే తింటే చేప వేరుగా, పులుసు వేరుగా ఉంటాయనీ, తెల్లారేసరికి రెండూ రాజీ పడతాయనీ వాదించేది. ఆమె కోపం వస్తే మనుషులతో మాట్లాడేది కాదు, పొయ్యితో మాట్లాడేది. ఇంట్లో అందరి తప్పులూ పొయ్యికి తెలిసేవి. అత్తా మామా కూడా ఆ ఇంట్లోనే ఉండేవాళ్లు. మామ రాకుండా పోయాక కూడా అత్త ఒక చిన్న మూకుడులో ఆయన వాటా పులుసు తీసిపెట్టి, పొద్దున తనే తినేది. జేజి ఆ సంగతి పొయ్యికి కూడా చెప్పేది కాదు.

ఆ ఇంట్లో రోజుల్ని ఒక్కొక్కరు ఒక్కో రకంగా లెక్కపెట్టేవాళ్లు. జేజికి తిథులు, మా నాన్నకు సముద్రం పోటూ పాటూ, నాకు బడి సెలవులు. ఒకరు చెప్పే రోజు ఇంకొకరికి అందేది కాదు. నేను పుట్టింది ఎన్నో తేదీ అని అడిగితే, “తేదీలు సర్కారోళ్లకు, మనకెందుకుమే. నాగుల చవితి ముందురోజు పుట్టినావు” అనేది జేజి. బడిలో చేర్చేటప్పుడు నాన్న నోటికొచ్చిన తేదీ చెప్పాడు. ఇప్పటికీ రెండు పుట్టినరోజుల మధ్య నాదేదో నాకు తెలియదు.

మామ బయలుదేరిన రోజు మాత్రం అందరికీ తెలుసు. ఇంకా వెలుతురు రాకముందే అత్త సద్ది కట్టిచ్చింది, ఆయన తోటి పడవల వెంట తన పడవలో ఒక్కడే పోయాడు. పోయేవాణ్ని ఎక్కడికని అడగకూడదు, వెనక్కి పిలవకూడదు, అందుకని ఎవరూ ఏమీ అనలేదు. ఆ సాయంత్రం గాలి లేచింది. మిగతా పడవలు ఉత్తరాన ఎక్కడో ఒడ్డుకు కొట్టుకుపోయి, తర్వాత ఒక్కొక్కటే పాలెం చేరాయి. ఆయన ఎక్కిన పడవ చేరలేదు.

మా బడికి కావలి నుంచి వచ్చిన ఒక పంతులు ఉండేవాడు. అందరం అయ్యోరు అనేవాళ్లం. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్కతో తిరిగేవాడు. ఆయనకు తేదీల పిచ్చి. ప్రార్థన కాగానే నల్లబల్ల మీద ‘చరిత్రలో ఈ రోజు’ అని రాసి, కింద జయంతులు, వర్ధంతులు, రాజుల పట్టాభిషేకాలు, ఓడలు మునగడాలు అన్నీ రాసేవాడు. గొంతున్న పిల్లలు పైకి చదవాలి, మిగతావాళ్లం వినాలి. మాకు జయంతికీ వర్ధంతికీ తేడా తెలిసేది కాదు. రెండిటికీ చప్పట్లు కొట్టేవాళ్లం. “వర్ధంతికి కొట్టకూడదురా” అని ఆయన తల పట్టుకునేవాడు. ఆయన బాధ చూసి నవ్వొచ్చి ఇంకా గట్టిగా కొట్టేవాళ్లం.

మామ పోయిన మరుసటి ఏడు నవంబరు ఒకటి వచ్చింది. అది ఆంధ్రప్రదేశ్ పుట్టిన రోజు. బడిలో ఆ రోజున బెల్లం కలిపిన బొరుగులు పంచేవాళ్లు కనుక, మా పాలెంలో ఆడవాళ్లకు కూడా గుర్తుండే ఒకే ఒక ఇంగ్లీషు తేదీ అది. కన్నడం వాళ్లకూ మలయాళం వాళ్లకూ రాష్ట్రాలు వచ్చిందీ ఆ తేదీనేనట. పుదుచ్చేరి ఫ్రెంచివాళ్ల చేతిలోంచి మన చేతికి వచ్చిందీ అప్పుడేనట. రెండు వందల ఏళ్లకు ముందు పోర్చుగల్ దేశంలో లిస్బన్ అనే పట్నం భూకంపానికి కూలిపోయి, సముద్రం లేచి దాని మీద పడిందీ నవంబరు ఒకటినేనట. ముందురోజు సాయంత్రం అయ్యోరు మా ఇంటి ముందు నిలబడి ఇవన్నీ మా నాన్నకు చెబుతున్నాడు. నాన్న వల బాగుచేసుకుంటూ ఊఁ కొడుతున్నాడు. ఎండిన చేపలు గంపకెత్తుతున్న అత్త మాత్రం చెయ్యి ఆపింది.

“ఆ ఊళ్లో వేటకు పోయినోళ్లు తిరిగొచ్చినారా అయ్యోరా?” అని అడిగింది.

అయ్యోరు తెల్లబోయాడు. “అది పుస్తకంలో రాయలేదమ్మా” అన్నాడు.

“అంత పెద్ద సంగతి రాసి, అది రాయలేదా?” అంది అత్త. మళ్లీ గంపలోకి వంగి, “మా ఇంటాయన పోయిందీ బొరుగులు పంచిన రోజే” అంది.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. పడవెక్కి వేటకు బయలుదేరినా మేం పోయినాడనే అంటాం, ప్రాణం పోయినా పోయినాడనే అంటాం. ఏది ఏదో మనిషి ముఖం చూసి తెలుసుకోవాలి. అత్త ముఖం అప్పుడు గంపలో ఉంది. కావలి మనిషికి ఆ తేడా తెలియదని కాదు. సముద్రం మీదకు పోయి ఏడాదైనా రాని మనిషి గురించి వింటే ఎవరికైనా ఇంకో అర్థం తోచదు. “పేరేమిటమ్మా?” అని ఆయన మెల్లగా అడిగాడు. మొగుడి పేరు నోటితో చెప్పకూడదు కనుక అత్త మా నాన్న వైపు చూసింది. “పోలయ్య” అన్నాడు నాన్న.

మర్నాడు నల్లబల్ల మీద రాష్ట్రాలు, పుదుచ్చేరి, లిస్బన్ అయ్యాక అన్నిటికన్నా కింద ‘మన పాలెం పోలయ్య గారి ప్రథమ వర్ధంతి’ అని ఉంది. గారు అని కూడా రాశాడు. మా మామను అంతకుముందు ఎవరూ గారు అనలేదు. చరిత్ర అంటే పెద్ద ఊళ్లలో జరిగేదే కాదని మాకు చెప్పాలని ఆయన ఉద్దేశం, అది ఇప్పుడు నాకు తెలుస్తోంది. ఒక పిల్ల గొంతెత్తి చదివింది. మేం అలవాటు ప్రకారం చప్పట్లు కొట్టాం. చంటిపిల్లలను ఎత్తుకుని బొరుగుల కోసం గోడ దగ్గర చేరిన ఆడవాళ్లు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మేం ఇల్లు చేరేలోపల మాట మాకన్నా ముందే చేరిపోయింది.

సాయంత్రం పెద్దకాపు వచ్చాడు. మా పాలెంలో తగవులూ మంచిచెడ్డలూ తేల్చే పెద్దమనిషిని అలా పిలుస్తారు. సముద్రంలో పోయి శవం దొరకని మనిషికి ఏ రోజున కర్మ చేయాలన్నది మావాళ్లకు ఎప్పుడూ చిక్కే. బయలుదేరి గాలికి చిక్కిన రోజా, తోటి పడవలు తిరిగొచ్చిన రోజా, ఆశ వదులుకున్న రోజా? రోజు తేలకపోతే గడ్డితో మనిషి బొమ్మ చేసి కాల్చరు. బొమ్మ కాల్చకపోతే ఆడదాని బొట్టు తియ్యరు.

“సర్కారు బడిలోనే రాసేసినారు గదమ్మా. రోజు తేలిపోయింది. ఇంక పని కానిచ్చేస్తే మేలు” అన్నాడు ఆయన జేజితో.

జేజి కొట్టినంత పని చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, “చిన్నపిల్లయ్యా అది. ఆ బొట్టు తీసేస్తే రేపు మారుమనువన్నా చెయ్యొచ్చు. అట్టే ఉంచుకుంటే దాన్ని ఎవురు చేసుకుంటారు?” అంది. అప్పుడు నాకేమీ అర్థం కాలేదు. బొట్టు తీయడమంటే అత్తకు ఏదో కీడు చేయడమని నా భయం. తీయమంటున్నది చూస్తే ఆమెను కన్నతల్లి. అత్త పొయ్యి పక్కన నిలబడి, “నేను పోయినాడన్నాను గానీ చచ్చిపోయినాడన్నానా? అన్నానా నేను?” అని అదే మాట అందరినీ అడుగుతోంది.

కబురు తెలిసి అయ్యోరు పరుగున వచ్చాడు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పించి పెట్టుకున్నాడు. పొరబాటున రాశానని ఒక్క మాట అంటే సరిపోయేదేమో. పెద్దకాపు ముఖం చూసి ఆ మాట చాలదనుకున్నాడో ఏమో, నిలబడినచోటే పాఠం మొదలుపెట్టాడు.

“వర్ధంతి అంటే చావు కాదయ్యా. వృద్ధి అంటాం గదా, ఆ మాటే ఇది. పెరగడం. మైసూరు వైపు రాజుల పుట్టినరోజును వర్ధంతి అనే అంటారు. కావాలంటే నిఘంటువు తెస్తాను.”

“అంటే పుట్టినరోజా?” అన్నాడు పెద్దకాపు.

“అట్టాంటిదే.”

“మరి జయంతో?”

“అదీ పుట్టినరోజే” అన్నాడు అయ్యోరు. అనేసి, ఆ మాట ఎవరన్నారో అన్నట్టు బిత్తరపోయి చూశాడు.

“రెండిటికీ ఒకటే అర్థమైతే రెండు మాటలు దేనికయ్యా మీకు” అంటూ పెద్దకాపు కండువా దులుపుకుని లేచాడు. చదువుకున్నవాళ్లతో వాదన ఆయనకు తలనొప్పి. రోజు తేలలేదు పొమ్మన్నాడు. జేజి నుదురు కొట్టుకుంది. అత్త అయ్యోరి దగ్గరకు వచ్చి, “అయితే పిలకాయలు చప్పట్లు కొట్టడం తప్పు కాదు గదా?” అని అడిగింది. తప్పు కాదన్నట్టు ఆయన తల అడ్డంగా ఊపాడు.

మరుసటి ఏటి నుంచి నవంబరు ఒకటిన అత్త గిన్నెడు పెసరపప్పు పాయసంతో బడికి వచ్చేది. వర్ధంతి పాయసమని చెప్పి పిలకాయలకు తలా ఇంత పోసేది. పాలెంలో ఒక తరం మొత్తం వర్ధంతి అంటే పాయసం తాగే రోజనుకుంటూ పెరిగింది. అయ్యోరు బదిలీ అయి వెళ్లిపోయినా ఆ పాయసం ఆగలేదు. నేను కావలిలో హాస్టల్లో ఉండి చదువుకునేటప్పుడు మా వార్డెను, రేపు వాళ్ల నాన్నగారి వర్ధంతి కనుక తాను ఉండనని చెప్పింది. నేను చేతులు జోడించి, “మీ నాన్నగారికి నా శుభాకాంక్షలు చెప్పండి మేడమ్” అన్నాను. ఆ ఏడాది చివరిదాకా ఆమె నన్ను ఒక రకంగానే చూసింది. గదిలోకి పోయి నిఘంటువు తిరగేస్తే అయ్యోరు చెప్పిందీ అబద్ధం కాదు, లోకం అనుకునేదీ అబద్ధం కాదు అని తేలింది. తెలుగు ఎందుకు చదివావని తర్వాత ఎంతమంది అడిగినా ఈ సంగతి చెప్పలేదు గానీ, అందుకే చదివాను.

అయ్యోరు చేసింది మేలో కీడో మాత్రం ఏ నిఘంటువూ చెప్పలేదు. ఆ సాయంత్రం ఆయన ఊరుకుని ఉంటే అత్త ఏడ్చి, గాజులు పగలగొట్టుకుని, కొన్నాళ్లకు ఇంకో ఇంటికి పోయి పిల్లల్ని కనేదేమో. జేజి ఆ బెంగతోనే కన్ను మూసింది. ఆయన ఊరుకోలేదు. బొట్టు నిలిచింది, దానితో పాటు మనిషీ ఉన్నచోటే నిలిచిపోయింది. తలుచుకుంటే ఆయన మీద కోపం వస్తుంది. అంతలోనే ఆ తప్పు గుండీల చొక్కా గుర్తొచ్చి, కోపం పోయి జాలి వేస్తుంది. ఆ జాలి ఆయన మీదో, అత్త మీదో, మా జేజి మీదో చెప్పలేను.

ఇప్పుడు పాలెంలో తాటాకు ఇళ్లు లేవు. డాబాలు, మోటారు పడవలు వచ్చాయి. గాలి లేస్తుందన్న మాట ఫోనులో ముందే వస్తుంది. అన్నీ ముందే తెలుస్తున్నాయి గానీ, ఆ నవంబరు ఒకటే ఏమిటో తెలియకుండా పోయింది. రాష్ట్రం రెండుగా చీలాక ఆ రోజు పండుగ చేయాలో మానాలో ఎవరికీ అర్థం కాలేదు. కొన్నేళ్లు మానేశారు. జూను రెండున ఏదో చేశారు. మళ్లీ నవంబరు అన్నారు. పెద్దవాళ్లు కొందరు, అసలు మనది మద్రాసు నుంచి విడిపోయిన అక్టోబరు ఒకటి కదా అన్నారు. ఆ మానేసిన ఏళ్లలో ఒకసారి అత్త గిన్నె పట్టుకుని బడికి పోతే, కొత్తగా వచ్చిన టీచరమ్మ “ఇవాళ ఏమీ లేదు పెద్దమ్మా” అందట. “మీకు లేకపోతే పోనీ, మాకుండాది” అని అత్త అందరికీ పోసే వచ్చింది. ఆ రోజు రాష్ట్రానికి జయంతా, వర్ధంతా అని నన్నడిగితే, అయ్యోరిలాగే నేనూ రెండూ ఒకటేనని తప్పించుకుంటాను.

మా ఆయన పోయి కొన్నేళ్లయింది. ఆసుపత్రి వాళ్లు తేదీ, గంట, నిమిషం వేసి కాగితం చేతికిచ్చారు. నాకు ఏ అనుమానమూ మిగల్చలేదు. అప్పటి నుంచి కుంకుమ మానేశాను. మరీ బోసిగా ఉండలేక నల్లటి స్టిక్కరు ఒకటి అంటించుకుంటాను. అత్త అది చూసి, “ఇదేందిమే, ఉన్నట్టా లేనట్టా?” అంది. నవ్వేశాను గానీ ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది.

పోయిన నెల ఆమెను నెల్లూరు ఆసుపత్రిలో చేర్చినప్పుడు పగలంతా నేనే పక్కన కూర్చునేదాన్ని. నోటిదాకా వచ్చి ఎన్నోసార్లు ఆగిన మాట ఒకరోజు అడిగేశాను.

“అత్తా, వర్ధంతంటే ఏందో నీకు నిజంగా తెలీదా?”

“తెలీకేంమే. టీవీలో చెప్తానే ఉండారు గదా, దండలేసిన ఫొటోలు చూపిస్తా” అంది. కాస్త ఊపిరి తీసుకుని, “అయ్యోరు పాపం అంత దూరం పరిగెత్తుకోనొచ్చి చెప్పినాడు. కాదంటే ఆ బిడ్డ ముఖం ఎట్టుంటుంది?” అంది.

“మరి మామ సంగతి? మామ పోయినాడనే అనుకున్నావా నువ్వు?”

“పోయినాడు” అంది వెంటనే. “సద్ది కట్టిచ్చింది నేనే గదా.”

ఆమె కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. లేచి మంచం అటువైపు వెళ్లి ముఖం చూస్తే తెలిసేదేమో. వెళ్లడానికి నాకు ధైర్యం చాలలేదు.

నేను పాలెం చేరేసరికి కాచిన నీళ్లు చల్లారిపోతే మళ్లీ కాస్తున్నారు. అత్తను వాకిట్లో పడుకోబెట్టారు. ముఖం కడిగినప్పుడు పాత బొట్టు పోయినట్టుంది, నుదురు ఖాళీగా ఉంది. ఆమెను నేను అలా ఎప్పుడూ చూడలేదు. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు అనిపించి, అప్పుడు ఏడుపొచ్చింది. వెనక ఒక ముసలామె, “ఆయనుంటే ఎనబై దాటుండవా ఈ పాటికి? యాడుండాడు?” అంటోంది. “పోయినాడని ఎవురన్నా చూసినారా? చూడకుండా బొట్టు తియ్యడానికి మనమెవురం?” అని ఇంకొకామె. సుజాత నా చెయ్యి పట్టుకుని, “నువ్వు చెప్పు వదినా. చదువుకున్నదానివి” అంది.

నాకేమీ తెలియదు. తెలిసినట్టు చెప్పడానికి అయ్యోరికున్న తెగువా లేదు. ఒకటే తోచింది. నా మొగుడూ లేడు, ఆమె మొగుడూ లేడు. నాకు రోజు చెప్పారు, ఆమెకు ఎవరూ చెప్పలేకపోయారు. అందుకని ఆమె ముత్తైదువ, నేను కాను. ఇద్దరికీ ఉన్న తేడా అంతే. అక్కడ, ఆ శవం పక్కన కూర్చుని, నాకు మా అత్త మీద అసూయ కలిగింది.

“పెట్టండి” అన్నాను.

రేపు మాట పడాల్సి వస్తుందని ఎవరి భయం వాళ్లది. భరిణె నేనే తీశాను. “నువ్వు పెట్టకూడదు గదా వదినా” అని సుజాత చెవి దగ్గర అంది గానీ, నన్ను ఆపలేదు. నుదురు చల్లగా ఉంది. బొట్టు గుండ్రంగా రాలేదు. అయినా నిండుగానే దిద్దాను. ఆ తర్వాత ఎవరూ వాదించలేదు. ఒకరు పూలు అందుకున్నారు, ఒకరు గాజులు అందుకున్నారు. నేను లేచి పక్కకు జరిగాను. ఉంగరపు వేలికి కుంకుమ మిగిలి ఉంది. మిగిలింది నుదుటికే అద్దుకోవడం ఎన్నో ఏళ్ల అలవాటు. చెయ్యి తనంతట తానే లేచి, ముఖం దాకా వచ్చి ఆగింది. దాన్ని ఎక్కడ తుడుచుకోవాలో తెలియక, ఆమెను ఎత్తేదాకా ఆ వేలు అలాగే పట్టుకుని నిలబడ్డాను.